ఆయన రిపోర్టు, ఆవిడ గుండె

కొన్ని మాటలు మన ఇళ్లలోకి చుట్టపుచూపుగా వచ్చి, చివరికి ఇంటివాళ్లయి కూర్చుంటాయి. బి.పి. అలాగే వచ్చింది, షుగరు అలాగే వచ్చింది. వాటి వెనకాలే కొలెస్టరాల్ వచ్చింది. ఇప్పుడు దాని పేరెత్తకుండా పప్పులో నెయ్యి పడదు, బూరెల మూకుడు పొయ్యి మీదికెక్కదు. "ఆయనకి కొలెస్టరాలండీ, అందుకని వేపుళ్లు మానేశాం" అని పక్కింటావిడ అంటే, "మావారికీ అంతేనండీ, ఈ నెల్లో నూనె సగానికి తగ్గించేశాను" అని ఎదురింటావిడ అందుకుంటుంది.

గమనించారో లేదో, ఈ కబుర్లలో ఎప్పుడూ "ఆయనకి" అనే వస్తుంది. "నాకు" అనే మాట అరుదుగా గాని వినబడదు. కొలెస్టరాల్ ఆడవాళ్ల జోలికి రాదా? వచ్చినా మొహమాటపడి వెళ్లిపోతుందా? ఆ సంగతేమిటో చూద్దామని పుస్తకాలు తిరగేస్తే, రెండువందల యాభై ఏళ్ల కథ బయటపడింది. ఆ కథలో రాళ్లున్నాయి, కొవ్వొత్తులున్నాయి, కుందేళ్లున్నాయి, కోళ్లున్నాయి. ఆడవాళ్లు మాత్రం చాలా ఆలస్యంగా వస్తారు. వచ్చేటప్పుడు కూడా చేతిలో గరిటెతోనే వస్తారు.

ముందు రాళ్ల సంగతి చెబుతాను. కడుపులో కుడివైపు, కాలేయం కింద పిత్తాశయమని చిన్న సంచీ ఉంటుంది. ఒక్కొక్కరికి అందులో రాళ్లు చేరతాయి. ఈ బాధ మగవాళ్లకన్నా ఆడవాళ్లకే ఎక్కువ. 1769 ప్రాంతంలో ఫ్రాన్సులో పులతియే ద లా సాల్ అనే వైద్యుడు అలాంటి రాళ్లను పరీక్షించి, వాటిలోంచి తెల్లగా మెరిసే మైనంలాంటి పదార్థాన్ని తీశాడు. దాదాపు అర్ధశతాబ్దం గడిచాక, 1815-16 ప్రాంతంలో, మిషెల్ షెవ్రుల్ అనే మరో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దానికి బారసాల చేశాడు. గ్రీకు భాషలో 'ఖోలె' అంటే పిత్తం, 'స్టెరియోస్' అంటే గట్టిది. రెండూ కలిపి 'కొలెస్టరీన్' అన్నాడు. గట్టిపడ్డ పిత్తమన్నమాట. అది ఆల్కహాలు జాతికి చెందిన పదార్థమని 1859లో బెర్తెలో తేల్చాక, తోక మారి 'కొలెస్టరాల్' అయింది. ఆల్కహాలన్నారు కదా అని కంగారు పడకండి. రసాయనశాస్త్రంలో ఆ ఇంటిపేరు గలవాళ్లు చాలామంది ఉన్నారు. అందరూ సీసాల్లో ఉండరు!

ఈ షెవ్రుల్ గారు జీవితమంతా కొవ్వులతోనే కాపరం చేశాడు. కొవ్వు సబ్బుగా ఎలా మారుతుందో మొట్టమొదట సరిగ్గా వివరించింది ఆయనే. కంపు కొట్టకుండా, పొగ చిమ్మకుండా వెలిగే కొవ్వొత్తులు వచ్చింది ఆయన పరిశోధనల వల్లే. 1786లో పుట్టి 1889లో పోయాడు. అంటే నూటరెండేళ్లు! కొవ్వును అంతగా చేతుల్లో పిసికినాయనకు కొవ్వు ఏ హానీ చేయలేదు.

హాని మాట అలా ఉంచి, అసలు ఇది మన ఒంట్లో ఎందుకుంది? ఇక్కడే నాకు మొదటి ఆశ్చర్యం కలిగింది. కొలెస్టరాల్ లేకపోతే మనం లేము. మన శరీరంలో ప్రతి కణానికీ పల్చటి పొర ఉంటుంది. ఆ పొర మరీ జావగా కారిపోకుండా, మరీ బిరుసెక్కకుండా, తగుమాత్రం పదునులో ఉంచేది కొలెస్టరాల్. పూరీపిండి కలిపేటప్పుడు మనం చూసుకునే పదునే అనుకోండి. ఒంట్లోని కొలెస్టరాల్ మొత్తంలో దాదాపు అయిదోవంతు ఒక్క మెదడులోనే ఉంటుంది. కరెంటు తీగకు తొడుగు ఉన్నట్టు నరాలకు ఉండే తొడుగులో అది ముఖ్యమైన భాగం. తిన్న నెయ్యీ నూనే అరగడానికి కావలసిన పైత్యరసం తయారయ్యేదీ దాన్నుంచే. మన చర్మంలో కొలెస్టరాల్‌కి తోబుట్టువులాంటి పదార్థం ఒకటుంది. దాని మీద ఎండ పడితే 'డి' విటమిను పుడుతుంది. ఈ చుట్టరికాలన్నీ వెలికి తీసినందుకు జర్మనీలోని అడాల్ఫ్ విండౌస్‌కి 1928లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక మన ఆడవాళ్ల విషయానికొస్తే, పన్నెండు పదమూడేళ్ల పిల్లను పెద్దమనిషిని చేసే ఈస్ట్రోజన్ తయారయ్యేది కొలెస్టరాల్ నుంచే. కడుపు నిలవడానికి కావలసిన ప్రొజెస్టరోన్ కూడా అంతే. కడుపుతో ఉన్నప్పుడు తల్లి రక్తంలో కొలెస్టరాల్ సహజంగానే పెరుగుతుంది. ఆ రక్తంలోంచి మాయ దాన్ని తీసుకుని, ప్రొజెస్టరోన్‌గా మార్చి, బిడ్డను కాపాడుతుంది. బిడ్డ పుట్టాక చనుబాలలో కూడా అమ్మ అదే పోస్తుంది. కొందరు పిల్లలు పుట్టుకతోనే ఒంట్లో కొలెస్టరాల్‌ను సరిగా తయారుచేసుకోలేరు. అలాంటి పిల్లల్లో ఎదుగుదల ఉండదు, బుద్ధి వికసించదు, కాలివేళ్లు అతుక్కుని ఉంటాయి. ఈ జబ్బును 1964లో ముగ్గురు వైద్యులు గుర్తించారు. కారణం కొలెస్టరాల్ కొరతేనని తెలిసింది మాత్రం 1993లో. ఆ పిల్లలకు వైద్యంలో భాగంగా కొలెస్టరాల్ పనిగట్టుకుని పెడతారు. మనం తీసి పక్కన పెట్టే పచ్చసొన వాళ్లకు మందు!

ఇంత అవసరమైన వస్తువును మన శరీరం ఎవరి దయాధర్మం మీదా వదిలిపెట్టలేదు. కాలేయం తనే తయారుచేస్తుంది, మిగతా కణాలూ తలా కాస్తా చేసుకుంటాయి. మనం తిండితో తెచ్చుకునేదానికన్నా ఒంట్లో తయారయ్యేదే ఎక్కువ. అందుకే జన్మలో గుడ్డు ముట్టని శాకాహారికి కూడా కొలెస్టరాల్ పెరగవచ్చు. ఇంకొక మాట. కొలెస్టరాల్ జంతువుల సరుకు. చెట్టు నుంచి వచ్చే నూనెలో అది ఉన్నా లెక్కలోకి రానంత. కాబట్టి నూనె ప్యాకెట్టు మీద "ఇందులో కొలెస్టరాల్ లేదు" అని పెద్దక్షరాలతో రాస్తే మురిసిపోకండి. మా బియ్యంలో ఎముకలు లేవని చెప్పుకోవడంలాంటిదే అది.

మరి ఇంత మంచిదానికి చెడ్డపేరెలా వచ్చింది? ఇందుకు కుందేళ్లు కారణం. 1913లో రష్యాలో, సెంట్ పీటర్స్‌బర్గ్‌లో, నికొలాయ్ అనిచ్కోవ్ అనే యువ వైద్యుడు, ఖలతోవ్ అనే సహచరుడితో కలిసి ఒక ప్రయోగం చేశాడు. గుడ్ల పచ్చసొనలోంచి శుద్ధమైన కొలెస్టరాల్ తీసి, పొద్దుతిరుగుడు నూనెలో కలిపి కుందేళ్లకు పెట్టాడు. కొన్నాళ్లకు వాటి రక్తనాళాల గోడల లోపల, మన మురుగుగొట్టంలో జిడ్డు పేరుకున్నట్టు, కొవ్వు పేరుకుంది. అంతకు మూడేళ్ల ముందే విండౌస్, జబ్బుపడిన మనుషుల రక్తనాళాల్లో కూడా కొలెస్టరాల్ మామూలుకన్నా ఎన్నోరెట్లు ఎక్కువగా ఉందని చూపించాడు. రెండూ కలిపి చూస్తే కథ పూర్తయినట్టే కదా? కాని చాలామంది నమ్మలేదు. కుక్కలకూ ఎలుకలకూ ఇలా పెడితే ఏమీ కాలేదు. "కుందేలు గడ్డి తినే జంతువు, దానికి గుడ్డు పెడితే జబ్బు చేయక ఏమవుతుంది?" అని కొట్టిపారేశారు.

ఆ తర్వాత 1950 ప్రాంతంలో అమెరికాలో జాన్ గాఫ్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు, రక్తాన్ని విపరీతమైన వేగంతో గిర్రున తిప్పే యంత్రంలో పెట్టి చూశాడు. మజ్జిగ చిలికితే వెన్న విడివడినట్టు, కొవ్వును మోసే రేణువులు బరువును బట్టి విడివిడిగా తేలాయి. కొలెస్టరాల్ నీళ్లలో కరగదు, రక్తంలో ఒంటరిగా ప్రయాణం చెయ్యలేదు. దానికి బండి కావాలి. కాలేయం నుంచి సరుకు ఎక్కించుకుని ఊరంతా తిరిగే బండ్లు ఎల్.డి.ఎల్. మిగిలిపోయిన సరుకు వెనక్కి పట్టుకొచ్చేవి హెచ్.డి.ఎల్. మొదటి రకం ఎక్కువైతే దారిలో సరుకు ఒలికి గోడల్లోకి చేరుతుంది. మనం మంచి కొలెస్టరాల్, చెడ్డ కొలెస్టరాల్ అంటాం గాని, సరుకు రెండింట్లోనూ ఒకటే. మంచీ చెడూ బండిది.

ఇదంతా ప్రయోగశాలలో. మరి మనుషుల్లో? 1948లో అమెరికాలో, బోస్టన్ నగరం దగ్గరున్న ఫ్రేమింగ్‌హామ్ అనే చిన్న ఊళ్లో ఒక పరిశోధన మొదలైంది. ఆరోగ్యంగా ఉన్న 5,209 మందిని ఎంచుకుని, రెండేళ్లకోసారి పరీక్షిస్తూ, ఎవరికి గుండెజబ్బు వస్తుందో, వాళ్లలో ముందునుంచీ ఏం తేడా ఉందో రాసుకుంటూ పోయారు. సిగరెట్టు, రక్తపోటు, కొలెస్టరాల్ ఈ మూడూ గుండెకు శత్రువులని లోకానికి గట్టిగా చెప్పింది ఆ ఊరే. ఆ 5,209 మందిలో 2,873 మంది ఆడవాళ్లు! సగానికి పైగా. కథలో ఆడవాళ్లకు దొరికిన మొదటి పీట అదే. చాలాకాలం పాటు దాదాపు చివరి పీట కూడా.

ఎందుకంటారా? తర్వాత వచ్చిన పెద్ద పరిశోధనల చిట్టా చూడండి. ఆన్సెల్ కీస్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు 1958లో మొదలుపెట్టి ఏడు దేశాల్లో తిండికీ గుండెకూ సంబంధం వెతికాడు. లెక్కలో 12,763 మంది, అందరూ నడివయసు మగవాళ్లు. ఇటలీలో, గ్రీసులో, ఫిన్లండులో, జపానులో వాళ్లు ఏం తిన్నారో రాశారు. ఆ తిండి వండి వడ్డించిన ఆడవాళ్లు ఏం తిన్నారో, వాళ్ల గుండెలెలా ఉన్నాయో ఆ లెక్కలో లేదు.

1964లో అమెరికాలో, ఆరెగన్ రాష్ట్రంలోని పోర్ట్‌లండ్ నగరంలో, గుండెజబ్బుల మీద స్త్రీల కోసం ప్రత్యేకంగా మొట్టమొదటి సభ జరిగింది. వేలమంది వచ్చారు. అమ్మయ్య, ఇన్నాళ్లకు అనుకుంటాం కదా! ఆ సభ పేరేమిటో తెలుసా? "గుండెలూ, భర్తలూ". మీ ఆయన గుండెను మీరెలా కాపాడుకోవాలో నేర్పే సభ అది. అమెరికా అయినా అమలాపురమైనా ఇల్లాలికి అప్పజెప్పే పని ఒకటే!

అన్నిటికన్నా వింత మరొకటి చెబుతాను. బహిష్టులు నిలిచేదాకా ఆడవాళ్లకు గుండెపోట్లు తక్కువ, అందుకు ఈస్ట్రోజన్ సాయం చేస్తుందని వైద్యులకు తెలుసు. అయితే ఈస్ట్రోజన్ మందుగా ఇస్తే గుండెజబ్బు ఆగుతుందేమో చూద్దామనుకున్నారు. 1966లో మొదలైన ఒక పెద్ద పరిశోధనలో దాన్ని ఎవరికిచ్చారు? మగవాళ్లకి! మొత్తం 8,341 మంది మగవాళ్లలో కొందరికి ఆడవాళ్ల హార్మోను మింగించారు. మేలు జరక్కపోగా కీడు కనిపించేసరికి ఆపేశారు. ఆడవాళ్ల హార్మోనుకు పరీక్ష పెట్టేటప్పుడు కూడా ఆడవాళ్లు గుర్తుకు రాలేదు చూశారా!

ఇందులో ఎవరి కుట్రా లేదు సుమండీ. నలభై యాభై ఏళ్ల వయసులో, ఇంటికి ఆధారమైన మగవాళ్లు ఉన్నట్టుండి కూలిపోతుంటే డాక్టర్ల కళ్లు అటే పడ్డాయి. ఆడవాళ్లకు ఆ ముప్పు సుమారు పదేళ్లు ఆలస్యంగా వస్తుంది. పరిశోధన తొందరగా తేలాలంటే తొందరగా జబ్బుపడేవాళ్లే కావాలి. ఇక థాలిడొమైడ్ అనే మందు వల్ల 1960 ప్రాంతంలో ఎందరో పసిబిడ్డలు అవకరాలతో పుట్టిన ఘోరం తర్వాత, బిడ్డల్ని కనే వయసు స్త్రీల మీద కొత్త మందులు వాడి చూడాలంటేనే భయం పట్టుకుంది. 1977లో అమెరికా మందుల శాఖ, అటువంటి స్త్రీలను తొలి పరీక్షల్లోకి తీసుకోవద్దని సలహా ఇచ్చింది. ప్రతి కారణమూ విడిగా చూస్తే న్యాయంగానే ఉంది. అన్నీ కలిసేసరికి సగం లోకం లెక్కలోంచి జారిపోయింది.

1984 జనవరిలో, కొలెస్టరాల్‌ను మందుతో తగ్గిస్తే గుండెపోట్లు తగ్గుతాయని ఒక పెద్ద పరిశోధన ఫలితం వెలువడింది. పాల్గొన్నది 3,806 మంది. అందరూ మగవాళ్లే. ఆ మార్చిలో 'టైమ్' పత్రిక అట్ట మీద రెండు వేయించిన గుడ్లు కళ్లుగా, పందిమాంసం ముక్క మూతిగా పెట్టి ఏడుపు మొహం బొమ్మ వేశారు. అంతే, గుడ్డుకు చెడ్డరోజులొచ్చాయి. అంతకు ముందే, 1968లో, అమెరికా హృద్రోగ సంఘం వారానికి మూడు పచ్చసొనలకు మించవద్దని చెప్పి ఉంది. చివరికి 2015లో అక్కడి ఆహార సలహాల నుంచి రోజుకు 300 మిల్లీగ్రాముల కొలెస్టరాల్ మించకూడదన్న హద్దును తీసేశారు. ఒంట్లో ఎల్.డి.ఎల్. పెరగడానికి గుడ్డులోని కొలెస్టరాల్ కన్నా, నెయ్యి, వెన్న, మాంసంలాంటి వాటిలోని కొవ్వుదే పెద్ద చెయ్యి అని తేలింది.

ఈ మార్పులన్నీ చివరికి ఎవరి నెత్తిన పడ్డాయి? వంటింటి నెత్తిన. మన సంగతే చూడండి. 1937లో మన దేశంలో డాల్డా వచ్చింది. నెయ్యి కొనలేని ఇళ్లకు అదే నెయ్యి. ఆ పసుప్పచ్చ డబ్బా ఖాళీ అయితే మినప్పప్పు పోసుకునేవాళ్లం, చిల్లు పడితే తులసి మొక్క వేసుకునేవాళ్లం. నూనెను యంత్రాల్లో గడ్డకట్టించే పద్ధతిలో పుట్టే ఒకరకం కొవ్వు ఎల్.డి.ఎల్.ను పెంచి, హెచ్.డి.ఎల్.ను తగ్గిస్తుందని 1990లో హాలండు శాస్త్రజ్ఞులు చూపించారు. దాన్నే ట్రాన్స్ కొవ్వు అంటారు. మన దేశంలో నూనెల్లో, కొవ్వుల్లో అది నూటికి రెండుపాళ్లు మించకూడదన్న నియమం 2022లో అమల్లోకి వచ్చింది. చూశారా, కొలెస్టరాల్ బొత్తిగా లేని సరుకు కూడా ఒంట్లో కొలెస్టరాల్‌ను పెంచగలదు! ఇలా నెయ్యి మాని డాల్డా, డాల్డా మాని నూనె, ఆ నూనె మాని మరో నూనె అంటూ ప్రతిసారీ మూకుడు మార్చింది ఇల్లాలే. రక్తపరీక్ష మాత్రం ఇంటాయనకి.

ఇక మందుల కథలో మాత్రం ఆడజాతికి కాస్త గౌరవం దక్కింది. జపానులో అకిరా ఎండో అనే శాస్త్రజ్ఞుడు, బూజులోంచి పెన్సిలిన్ వచ్చినట్టు కొలెస్టరాల్‌కి కూడా మందు దొరుకుతుందేమోనని 1971 నుంచి వేలరకాల బూజుల్ని పరీక్షించాడు. 1973లో దొరికింది. ఎక్కడి బూజనుకున్నారు? క్యోటో నగరంలో ఒక కొట్లోని బియ్యానికి పట్టిన బూజు! మనమైతే చాటలో పోసి ఎండబెట్టేవాళ్లం. తీరా ఎలుకలకిస్తే ఏమీ పనిచెయ్యలేదు. మందు మూలపడే స్థితి వచ్చింది. అప్పుడు ఎండోకి గుడ్లుపెట్టే కోళ్ల మీద చూద్దామన్న ఆలోచన తట్టింది. గుడ్డు నిండా కొలెస్టరాల్ పోసే పెట్టకు ఒంట్లో తయారీ జోరుగా ఉండాలి కదా! 1976లో పెట్టలకిచ్చి చూస్తే కొలెస్టరాల్ దాదాపు సగానికి పడిపోయింది. అలా పెట్టలు ఆ మందును నిలబెట్టాయి. 1978లో ఒసాకాలో ఆ మందును మొదట తీసుకున్నది పద్దెనిమిదేళ్ల అమ్మాయి. వంశపారంపర్యంగా కొలెస్టరాల్ విపరీతంగా పెరిగే జబ్బు ఆ పిల్లది. మందుతో కొలెస్టరాల్ కొంత తగ్గింది గాని కండరాలు నీరసించిపోవడంతో ఆపవలసి వచ్చింది. తర్వాత మోతాదు తగ్గించి ఇతర రోగులకు వాడి, సరైన మార్గం కనుక్కున్నారు. ఇవాళ స్టాటిన్లు అనే మందులన్నిటికీ ఆ బూజే తాతమ్మ. ఆ జాతిలో మొదటి మందు 1987లో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. ఎండో 2024లో కన్నుమూశాడు.

అలాంటి జబ్బుతోనే పుట్టిన మరో పసిపిల్ల కథ చదివినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. అమెరికాలో టెక్సస్ రాష్ట్రానికి చెందిన స్టార్మీ జోన్స్‌కి ఆరేళ్లకే గుండె పాడైపోయింది. రక్తంలో కొలెస్టరాల్ వెయ్యి దాటింది. పెద్దవాళ్లకు 200 లోపు ఉంటే మంచిదంటారు, చూడండి. ఎల్.డి.ఎల్. బండ్లను ఆపి సరుకు దింపుకునే గుమ్మాలు కణాల మీద ఉంటాయని, ఈ జబ్బులో ఆ గుమ్మాలే ఉండవని టెక్సస్‌లోనే బ్రౌన్, గోల్డ్‌స్టైన్ అనే ఇద్దరు వైద్యులు కనిపెట్టారు. అందుకు వాళ్లకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది. గుమ్మాలు ఎక్కువగా ఉండేది కాలేయం మీద. కొత్త కాలేయం పెడితే? 1984 ఫిబ్రవరి 14న పిట్స్‌బర్గ్‌లో ఆ పిల్లకు గుండె, కాలేయం రెండూ ఒకేసారి మార్చారు. అటువంటి శస్త్రచికిత్స లోకంలో అదే మొదటిది. కొలెస్టరాల్ మూడువందల దగ్గరికి దిగింది. పిల్ల బడికి వెళ్లింది, ఆడుకుంది. 1990లో, పదమూడేళ్ల వయసులో, చనిపోయింది. ఆరేళ్లకు పోవలసిన పిల్ల మరో ఆరేడేళ్లు అమ్మ కళ్లముందు తిరిగిందంటే తక్కువ మాటా?

మెల్లగా ఆడవాళ్లను కూడా లెక్కపెట్టడం మొదలైంది. 1993లో అమెరికాలో, ప్రభుత్వ ఖర్చుతో చేసే వైద్య పరిశోధనల్లో స్త్రీలు ఉండి తీరాలని చట్టం చేశారు. 1994లో స్కాండినేవియా దేశాల్లో 4,444 మంది హృద్రోగులపై స్టాటిన్ పరీక్షించి, మరణాలు నూటికి ముప్ఫైవంతున తగ్గాయని చూపినప్పుడు, వాళ్లలో 827 మంది స్త్రీలున్నారు. మరో పెద్ద పరిశోధనలో 1,61,808 మంది స్త్రీలు పాల్గొన్నారు. బహిష్టులు నిలిచాక హార్మోను మాత్రలు మింగితే గుండెకు రక్ష అని చాలాకాలంగా అనుకుంటున్న మాట నిజం కాదని 2002లో అది తేల్చింది. అడిగితే గదా తెలిసేది! 2015లో ఇరవైఏడు పరిశోధనల లెక్కలు కలిపి చూస్తే, 1,74,000 మందిలో స్త్రీలు 46 వేల పైచిలుకు. ముప్పు సమానంగా ఉన్నచోట స్టాటిన్లు ఆడవాళ్లకూ మగవాళ్లతో సమానంగానే పనిచేస్తాయని అప్పటికి రూఢి అయింది. అనిచ్కోవ్ కుందేళ్లకు గుడ్డు పెట్టినప్పటి నుంచి లెక్కేస్తే నూటరెండేళ్లు. షెవ్రుల్ గారి ఆయుష్షంత!

మా పిన్ని సంగతి చెప్పకుండా ఈ కథ ముగించలేను. బాబాయికి నలభై ఎనిమిదో ఏట కొలెస్టరాల్ ఎక్కువుందన్నారు. ఆ రోజు నుంచి పిన్ని నూనె గరిటెతో పొయ్యడం మాని చెంచాతో కొలిచింది. ఆయన రిపోర్టులన్నీ తారీఖుల వారీగా గుడ్డసంచిలో దాచింది. ఏ ఏడాది ఎంతుందో నోటికి చెప్పేది. ఆయనకు వేరుగా వండి, మిగిలిన పాత కూరలూ అడుగున చేరిన మీగడా పారెయ్యలేక తను తినేది. అరవైరెండో ఏట ఒకనాడు వీపులో నొప్పి, దవడ లాగుతోంది, ఆయాసంగా ఉందంది. గ్యాసై ఉంటుందని వాము నమిలి, వేణ్ణీళ్లు తాగి, రాత్రికి చపాతీలు కూడా చేసి పడుకుంది. తెల్లవారలేదు. తర్వాత ఆ సంచి తీసి చూశాం. ఇరవై ముప్ఫై కాగితాలున్నాయి. పిన్ని పేరున్న కాగితం ఒక్కటి లేదు. బాబాయి ఇప్పటికీ అన్నంలో నెయ్యి వేసుకోడు. "మీ పిన్ని ఊరుకోదు" అంటాడు.

అందుకని తోటి ఆడవాళ్లకు రెండు మూడు ముక్కలు చెబుతాను. బహిష్టులు నిలిచేవరకూ ఈస్ట్రోజన్ మనకు కాపలా కాస్తుంది. నిలిచిపోయే రోజుల్లో ఆ కాపలా తొలగి, ఎల్.డి.ఎల్. పెరగడం మొదలవుతుంది. పిల్లల పెళ్లిళ్లనీ, మనవల పురుళ్లనీ మన ఒంటి సంగతి మనం మరిచిపోయే వయసు సరిగ్గా అదే. కొలెస్టరాల్ పెరిగితే నొప్పి ఉండదు, జ్వరం రాదు. కొలిస్తేనే తెలుస్తుంది. గుండెపోటు మనకూ ఛాతీనొప్పితోనే రావచ్చు. కాని ఒక్కోసారి అంతకన్నా వీపునొప్పి, దవడనొప్పి, ఆయాసం, వికారం, అంతులేని నీరసం ముందుకొస్తాయి. అలాంటప్పుడు వాము డబ్బా వెతక్కండి, డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. అమ్మకో నాన్నకో చిన్నవయసులో గుండెజబ్బు వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. మందు కావాలా అక్కర్లేదా అనేది వయసూ, బి.పి., షుగరూ అన్నీ చూసి ఆయనే తేలుస్తాడు. పక్కింటావిడ మాత్రలు మనం మింగకూడదు, పక్కింటావిడ మాట విని మన మాత్రలు మానకూడదు.

కణానికి గోడ కట్టేదీ, మెదడుకు తొడుగు వేసేదీ, మనల్ని అమ్మల్ని చేసేదీ అయిన పదార్థం ఇది. దానికి భయపడాల్సిన పనిలేదు, లెక్క తెలిస్తే చాలు. ఈసారి రక్తం తీసుకెళ్లే కుర్రాడు పొద్దున్నే పరగడుపున ఆయన కోసం ఇంటికొచ్చినప్పుడు, కాఫీ కలపడానికి లోపలికి వెళ్లిపోకండి. "బాబూ, ఇంకో సూది ఉందా?" అని అడిగి, కుర్చీ లాక్కుని కూర్చోండి.